బిల్లు పడింది, జీతం పడలేదు

పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. ఏడు పేజీలుంది కాబట్టి సారాంశం మాత్రం చెబుతున్నాను.

ఆమెకు 32 ఏళ్ళు. సివిల్ ఇంజినీరింగ్ చదివి ఏడాదిపాటు ఉద్యోగం చేశారు. పెళ్ళి, ఆ వెంటనే బాబు, నాలుగేళ్ళ విరామం. మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంటే గ్యాప్ చూసి ఎవరూ పిలవలేదు. వాళ్ళ నాన్నగారితో కలిసి పనిచేసి, రిటైరయ్యాక చిన్న కన్సల్టెన్సీ పెట్టుకున్న ఇంజినీరు ఒకాయన ఆమెను చేర్చుకున్నారు. ఆఫీసులో ఆయన ‘సార్’, ఇంట్లో ‘అంకుల్’. సంస్థలో 22 మంది ఉన్నారు. ఒక అపార్ట్‌మెంట్ ఫ్లాటే ఆఫీసు. లెక్కలు, జీతాలు అంకుల్ గారి భార్య చూస్తారు. మున్సిపాలిటీల మంచినీటి పథకాలకు డీపీఆర్‌లు (సమగ్ర ప్రాజెక్టు నివేదికలు) రాయడం, ప్రభుత్వ కార్యాలయాల్లో పీఎంయూలుగా, అంటే ప్రాజెక్టు పనులు చూసే బృందాలుగా, మనుషుల్ని కూర్చోబెట్టడం వాళ్ళ పని. ఈమె ఆరేళ్ళుగా అక్కడే ఉన్నారు. అందులో మూడేళ్ళుగా కూర్చుంటున్నది ఒక రాష్ట్రస్థాయి కార్యాలయంలో.

జీతం 52 వేలు. మొదట్నుంచీ నెల ఆలస్యమే. ఇప్పుడు మూడు నెలలది బాకీ. అడిగితే మేడమ్ చెప్పే మాట ఒకటే: “నీకు తెలియనిదేముందమ్మా, బిల్లు పడలేదు కదా.” సంస్థ ప్రభుత్వానికి పెట్టిన ఆ బిల్లు ఫైలు ఈమె పక్క టేబుల్ మీదే ఉంటుంది. “కాస్త కదిలించమ్మా” అని సార్ ఫోన్ చేస్తే, తన జీతం ఫైలు వెనక తనే తిరిగారు. పోయిన నెల ప్రభుత్వ చెల్లింపుల వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లో బిల్లు పాసై, డబ్బు సంస్థ ఖాతాలో పడింది కూడా. జీతం మాత్రం రాలేదు. ఆ డబ్బు ఇంకో టెండరుకు ఈఎండీ (టెండరుతో పాటు కట్టే డిపాజిట్) కట్టడానికి వాడేశారని ఆఫీసు అబ్బాయి చెప్పాడు. “ఆ రోజు బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను” అని రాశారు.

ఆ ప్రభుత్వ కార్యాలయంలో ఆమె చేసే పనికి, ఒప్పందంలో రాసిన పనికి సంబంధం లేదు. నోట్‌ఫైళ్ళు, పవర్‌పాయింట్లు, అసెంబ్లీ ప్రశ్నలకు జవాబులు, ఒకసారైతే అక్కడి పెద్దసారు గారి అబ్బాయి కాలేజీ ప్రాజెక్టు రిపోర్టు కూడా. “కన్సల్టెంటమ్మాయికి ఇవ్వండి” అంటే అయిపోయినట్టే. అక్కడి అధికారి ఒకరు “ఆ కంపెనీ వదిలెయ్, మేమే అవుట్‌సోర్సింగ్‌లో తీసుకుంటాం, తరవాత పర్మనెంట్ చూద్దాం” అంటున్నారు. హైదరాబాదులో ఒక పెద్ద సంస్థ నుంచి 75 వేలకు ఆఫర్ వచ్చేలా ఉంది. కానీ నాన్నగారికి స్టెంట్ వేసినప్పుడు అంకుల్ లక్షన్నర అడ్వాన్సు ఇచ్చారు. వదిలి వెళితే కృతఘ్నత అవుతుందేమోనని ఆమె బాధ. నాన్నగారు “వాడు నాకు తమ్ముడి లెక్క, ఓపిక పట్టు” అంటున్నారు. భర్త “ఇవాళే మానెయ్” అంటున్నారు. చివర్లో ఒక చిన్న ప్రశ్న కూడా అడిగారు: వచ్చే నెలలో అంకుల్ గారి అమ్మాయి పెళ్ళి, వెళ్ళాలా వద్దా?

సమాధానం:

ముందుగా నా సంగతి చెప్పాలి. నేను 31 ఏళ్ళు ప్రభుత్వ ఇంజినీరింగ్ శాఖలో పనిచేశాను. చివరి ఎనిమిదేళ్ళు కన్సల్టెంట్ల బిల్లులు నా టేబుల్ మీదుగానే వెళ్ళేవి. “కన్సల్టెంటమ్మాయికి ఇవ్వండి” అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. కాబట్టి నాకేదో కొత్తగా కోపం వచ్చినట్టు రాస్తే అబద్ధమవుతుంది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏడు పేజీల్లో ఐదు పేజీలు జీతం గురించీ కృతజ్ఞత గురించీ ఉన్నాయి. సారాంశంలో కావాలనే వదిలిపెట్టిన రెండు విషయాలున్నాయి, వాటిని ఇప్పుడు చెబుతాను. నాలుగో పేజీలో, నోట్‌ఫైళ్ళ గోల మధ్యలో మీరు ఒక్క వాక్యం రాశారు: “రెండు మున్సిపాలిటీల్లో థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు నేను సైటుకు వెళ్ళకుండానే సంతకం పెట్టాల్సి వచ్చింది, కాంట్రాక్టరు మనిషి వాట్సాప్‌లో పంపిన ఫొటోలు చూసి.” ఆరో పేజీలో ఇంకోటి. వేరే శాఖలో పనిచేసే స్నేహితురాలు ఫోన్ చేసి “నువ్వు మా ప్రాజెక్టుకు డిప్యూటీ టీం లీడర్‌వట, ఎప్పుడొస్తున్నావ్?” అని అడిగితే, మీ సీవీ మీకు తెలియకుండా ఒక టెండర్లో పెట్టారని తెలిసింది. అందులో మీ ఏడేళ్ళ అనుభవం పదకొండేళ్ళయింది. మీరు ఎప్పుడూ చూడని జిల్లాలో ప్రాజెక్టు చేసినట్టు ఉంది. కింద మీ సంతకం స్కాన్ చేసి అతికించారు.

ఈ రెండూ మీకు చిన్న విషయాల్లా అనిపించాయి. నాకు అవే ముందు కనిపించాయి. జీతం బాకీ మీకూ ఆయనకూ మధ్య లెక్క, ఎప్పుడైనా తేల్చుకోవచ్చు. ఆ కాగితాలు ప్రభుత్వ ఫైళ్ళలోకి వెళ్ళిపోయాయి. వాటి మీద ఉన్నది మీ పేరు.

సీవీ అలా ఎందుకు పెంచుతారో మీకు తెలియంది కాదు. కన్సల్టెన్సీ టెండర్లు ఎక్కువగా క్యూసీబీఎస్ పద్ధతిలో పిలుస్తారు. 70:30 అనో 80:20 అనో నాణ్యతకు ఒక వాటా, ధరకు ఒక వాటా. నాణ్యత మార్కుల్లో పెద్ద భాగం కీలక నిపుణుల సీవీల మీద పడుతుంది. పదేళ్ళ అనుభవం అడిగిన చోట ఏడేళ్ళ మనిషిని పెడితే మార్కులు పోతాయి, టెండరు పోతుంది. పెద్ద సంస్థలకు దేశమంతా మనుషులుంటారు. మీ సార్‌కున్నది ఇద్దరు రిటైర్డ్ ఎస్‌ఈలు (సూపరింటెండింగ్ ఇంజినీర్లు), మీలాంటి నలుగురు. మీ సీవీయే ఆయన పెట్టుబడి. అందుకే ‘పెంచారు’. కారణం అర్థమవుతుంది గానీ అది మీ మెడకు చుట్టుకునే పని. ప్రపంచ బ్యాంకు నిధులతో నడిచే ప్రాజెక్టుల్లో అయితే, సీవీ కింద ఆ నిపుణుడే ‘ఇందులో ఉన్నది నిజం’ అని ధ్రువీకరించాలి. తప్పుడు వివరాలిస్తే సంస్థనే కాదు, వ్యక్తిని కూడా నిషేధించే అధికారం బ్యాంకుకు ఉంది. ఆ నిషేధితుల జాబితా ఎవరైనా చూసేలా వాళ్ళ వెబ్‌సైటులోనే ఉంటుంది. రేపు 75 వేల ఉద్యోగం ఇచ్చే సంస్థ మీ సీవీ కూడా టెండర్లలోనే పెడుతుంది. ఒకే శాఖకు మీ పేరుతో ఏడేళ్ళ సీవీ ఒకటి, పదకొండేళ్ళ సీవీ ఒకటి చేరితే అబద్ధమాడింది మీరే అనుకుంటారు.

ఇన్‌స్పెక్షన్ రిపోర్టు ఇంకా బరువైంది. పైపులైను పనిలో ఏం చూడాలో మీకు నేను చెప్పక్కర్లేదు. ట్రెంచి లోతు, అడుగున ఇసుక పరిచారా, జాయింట్లు, ప్రెషర్ టెస్టు. పూడ్చి పైన రోడ్డు వేసేశాక అవేవీ కనపడవు. అందుకే మూడో మనిషిని పెట్టేది. ఆ మూడో మనిషి ఫొటోలు చూసి సంతకం పెడితే ఫైనల్ బిల్లు పాసవుతుంది. నాలుగేళ్ళకు ఎక్కడో రోడ్డు కుంగుతుంది. విజిలెన్సు వాళ్ళు వచ్చి ముందుగా అడిగేది ఫైలు. ఫైల్లో శాఖ ఇంజినీర్లు ఏఈ, డీఈల సంతకాలు, మీ సంతకం ఉంటాయి. మా శాఖలో ఒక కుర్రాడికి ఇలాగే జరిగింది. కన్సల్టెన్సీ మానేసి పుణెలో స్థిరపడ్డాక, పెళ్ళయిన ఏడాదికి నోటీసు అందింది. అతణ్ణి పంపిన సంస్థ అప్పటికి మూతపడింది. రెండేళ్ళు సెలవులు పెట్టి తిరిగాడు. అతను తిన్నది ఒక్క రూపాయి కూడా లేదని నాకు తెలుసు. కానీ ఆ మాట రుజువు చేసే కాగితం అతని దగ్గర ఒక్కటీ లేదు.

మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. దీనికి చేయగలిగింది ఇప్పటికీ ఉంది. ఆ రెండు ఊళ్ళకూ ఒకసారి వెళ్ళండి. ఏఈకి ముందు చెప్పి, పట్టపగలు వెళ్ళి, కనిపించేవి చూడండి. వాల్వులు, ఇంటి కనెక్షన్లు, టెస్టు రిజిస్టరు. కనపడనివి ‘తనిఖీ చేయలేదు’ అనే రాయండి. దాన్ని అనుబంధ రిపోర్టుగా, ఇవాళ్టి తేదీతోనే తయారుచేయండి. పాత తేదీ వేయమని ఎవరు చెప్పినా వేయకండి. మొదటి రిపోర్టు ఫొటోల ఆధారంగా ఇచ్చామన్న నిజం అందులో ఉండాలి. ఇది పంపితే సార్‌కు కోపం వస్తుంది, శాఖకు ఇబ్బంది అవుతుంది, బహుశా మిమ్మల్ని ఆ పని నుంచి తప్పిస్తారు. పంపకపోతే ఇవాళ ఏమీ కాదు, తరవాత ఎప్పుడైనా కావచ్చు. పంపేముందు మాత్రం ఒక లాయరుకు చూపించండి. వాక్యం ఎలా రాశామన్న దాని మీద చాలా ఉంటుంది, అది నా పరిధిలోది కాదు. ఇకముందు ఇన్‌స్పెక్షన్‌కు ప్రయాణ ఖర్చు ఇవ్వకపోతే సంతకం లేదని సార్‌కు నోటితో కాక మెయిల్‌లో చెప్పండి.

సీవీకి కూడా మెయిలే. గొడవలా కాకుండా, “నా సీవీలో ఈ వివరాలు సరిగా లేవు, సరైనది జతచేశాను, ఇకపై నాకు చూపించి, నేను సంతకం చేశాకే వాడండి” అని మూడు లైన్లు చాలు. ఆ మెయిలు మీ సొంత ఐడీకి కూడా కాపీ పెట్టుకోండి. ఆ టెండరు ఇంకా తేలకపోతే సరిదిద్దమని అడగండి. తేలిపోయి వాళ్ళకే వచ్చి ఉంటే కథ వేరు. అప్పుడు ఆ లాయరును అడగాల్సిన రెండో ప్రశ్న అది.

ఇప్పుడు జీతం.

ఇందులో రెండు రకాలున్నాయి, మీరు కలిపేసి బాధపడుతున్నారు. బిల్లు పడక జీతం ఇవ్వలేకపోవడం ఒకటి. బిల్లు పడ్డాక ఆ డబ్బు ఇంకోదానికి వాడటం ఇంకొకటి. మొదటిది ఆయన కష్టం, రెండోది ఆయన నిర్ణయం. మొదటిది నేను దగ్గరగా చూశాను. ఇన్‌వాయిస్ వచ్చాక సెక్షన్లో హాజరు పట్టీ సరిచూడాలి, డెలివరబుల్‌కు, అంటే ఇచ్చిన పనికి, ఆమోదం కావాలి, బడ్జెట్ విడుదల కావాలి, అప్పుడు బిల్లు ఎక్కాలి. ఒక్క చోట ఎవరో సెలవు పెడితే నెల పోతుంది. చిన్న సంస్థకు ఇద్దరో ముగ్గురో క్లయింట్లు, పైగా ఈఎండీలు, పెర్ఫార్మెన్స్ గ్యారంటీల కింద బ్యాంకులో చిక్కుకున్న డబ్బు. ఒక్క బిల్లు ఆగితే 22 ఇళ్ళలో కిరాణా ఖాతా పెరుగుతుంది. చట్టం ఆయన వైపు లేకపోలేదు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థకు 45 రోజుల్లోగా డబ్బు ఇవ్వాలి, లేకపోతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఫిర్యాదుకు ఆన్‌లైన్ పోర్టల్ కూడా ఉంది. ఆయన అక్కడికి వెళ్ళరు. శాఖ మీద కేసు వేసినవాడికి మళ్ళీ ఆ మెట్లెక్కే ధైర్యం ఉంటుందా? ఆయన అక్కడ అడగలేక పెట్టుకున్న ఓపిక బరువు చివరికి మీ మీద పడింది.

అయినా ఇవేవీ మీ జీతం ఆపడానికి కారణాలు కావు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం తరవాతి నెల 7వ తేదీలోగా ఇవ్వాలి. పాత చట్టంలా నెలకు 24 వేల లోపు వాళ్ళకే అనే పరిమితి ఇందులో లేదు. రాజీనామా చేస్తే రెండు పనిదినాల్లో బాకీ తేల్చాలి. బాకీ కోసం ఫిర్యాదు చేయడానికి మూడేళ్ళ గడువుంది. అంటే ఇవాళే లేబర్ ఆఫీసుకు పరిగెత్తాల్సిన తొందర లేదు. అవకాశం చేతిలో ఉందని తెలిసి మాట్లాడటం వేరు.

మీరు రాయనిది ఒకటి అడుగుతాను. పీఎఫ్ పాస్‌బుక్ ఎప్పుడు చూశారు? జీతం స్లిప్పులో కోత ఉంటే ఆ డబ్బు మరుసటి నెల 15లోగా జమ కావాలి. జీతాలు ఆలస్యమయ్యే చోట ముందు ఆగేది తరచుగా అదే, ఎందుకంటే అది ఆగినట్టు ఎవరికీ వెంటనే తెలియదు. అలాగే ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పేరు మీద కోసిన పన్ను వివరాలు చూడండి. కొన్ని చిన్న కన్సల్టెన్సీలు ఉద్యోగులను ‘ప్రొఫెషనల్స్’గా చూపించి 10 శాతం టీడీఎస్ కోసి ఊరుకుంటాయి, పీఎఫ్ ఉండదు, గ్రాట్యుటీ ఊసు ఉండదు. మీది ఏ రకమో తెలియకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి. మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలో ఉంటే, రాజీనామా మాట ఎత్తకముందే బాబు స్కూలు అడ్మిషనో పాస్‌పోర్టో చెప్పి తెచ్చుకోండి. చిన్న అబద్ధమే, నేనైతే తప్పుపట్టను.

కృతజ్ఞత గురించి. ఆయన మీకు నిజంగా మేలు చేశారు. గ్యాప్ ఉన్న అమ్మాయిని తీసుకున్నారు, ఆపదలో డబ్బిచ్చారు. ఆ లక్షన్నరా ఇరవై నెలల్లో జీతంలో కోసుకున్నారని మీరే రాశారు. ఇప్పుడు లెక్క చూడండి. మూడు నెలలు, 52 వేల చొప్పున, లక్షా 56 వేలు. అప్పుడు ఆయన మీకిచ్చిన దానికంటే ఆరువేలు ఎక్కువే ఇప్పుడు మీరు ఆయన దగ్గర ఉంచారు. మీ నాన్నగారికి ఈ అంకె చెప్పండి. ‘తమ్ముడి లెక్క’ అన్నాయన అంకెలు తెలిసిన ఇంజినీరే కదా.

ఇక దారుల విషయం. శాఖ అధికారి మాటను నేను అంత తేలిగ్గా నమ్మను, ఆయన మంచివాడే కావచ్చు. అవుట్‌సోర్సింగ్‌లో మీకు వచ్చేది ఇప్పటి జీతం కంటే తక్కువే ఉండొచ్చు. ‘తరవాత పర్మనెంట్’ అనేది ఇచ్చే అధికారం ఆయనకు లేదు. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరవాత, నియామక పద్ధతి పాటించకుండా చేరినవాళ్ళు క్రమబద్ధీకరణను హక్కుగా అడగలేరు. పైగా ఆయనకు బదిలీ అయిన రోజు ఆ మాట కూడా బదిలీ అవుతుంది. మీ సంస్థకూ శాఖకూ మధ్య ఒప్పందంలో ఒకరి మనుషుల్ని ఒకరు తీసుకోకూడదనే షరతు ఉందేమో కూడా చూడాలి.

హైదరాబాదు ఆఫర్ మంచిదే, కానీ అది వేరే లోకం అనుకోకండి. అక్కడా ఇదే పని, ఇవే పవర్‌పాయింట్లు. జీతం టైముకు పడుతుంది, పీఎఫ్ ఉంటుంది, అది చిన్న విషయం కాదు. అయితే ప్రాజెక్టు అయిపోతే పనిలేకుండా బెంచి మీద కూర్చోవాలి, ప్రభుత్వం మారితే ముందుగా సమీక్షకు వచ్చేవి పీఎంయూలే. బాబు చదువు, మీవారి ఉద్యోగం ఏ ఊళ్ళోనో మీరు రాయలేదు. 75లో ఇంటద్దె పోతే మిగిలేది ఎంతో వేసుకోండి. ఆఫర్ లెటరు చేతికి వచ్చేదాకా ఇక్కడ ఎవరికీ చెప్పకండి, మీ పక్క టేబుల్‌కు అస్సలు.

ఉండిపోవడం కూడా ఒక దారే. ఆయన దగ్గర మీకున్న బలం మీరు గుర్తించలేదు. మీరు ఆ పీఎంయూ ఒప్పందంలో పేరుతో సహా ఉన్న మనిషి. మీరు వెళ్ళిపోతే మీతో సమానమైన అర్హతలున్న మనిషిని చూపించి శాఖ చేత ఒప్పించాలి, చాలా ఒప్పందాల్లో దానికి బిల్లులో కోత కూడా ఉంటుంది. అందుకే “రెండు నెలల జీతం ఈ తేదీకి, మూడోది ఆ తేదీకి, ఆ తరవాత ప్రతినెలా 7” అని రాతపూర్వకంగా అడిగితే ఆయన వినే అవకాశం ఎక్కువ. అడిగినందుకు కొన్నాళ్ళు ముఖం మాడ్చుకుంటారు. మేడమ్ ఇంకా ఎక్కువ రోజులు మాడ్చుకుంటారు. ఒప్పుకుని కూడా ఇవ్వకపోతే ఆ మెయిలే మీ లేబర్ ఫిర్యాదుకు మొదటి కాగితం.

నన్ను అడిగితే, ఉండటమా వెళ్ళడమా అన్నది మూడు నెలల తరవాత తేల్చినా నష్టం లేదు. సీవీ మెయిలు, ఆ రెండు ఊళ్ళ ప్రయాణం మాత్రం ఈ నెలలోనే అవ్వాలి. మీరు వెళ్ళిపోయాక మిమ్మల్ని ఆ సైట్లలోకి ఎవరూ రానివ్వరు.

పెద్దసారు గారి అబ్బాయి ప్రాజెక్టు రిపోర్టు సంగతి: అది మళ్ళీ వస్తే “సార్, టైంషీటులో ఏమని రాయమంటారు?” అని అడగండి. మా కాలంలో ఒకమ్మాయి నన్ను ఇలాగే అడిగింది. తిరిగి ఎప్పుడూ ఆమెకు సొంత పని చెప్పలేదు.

పెళ్ళికి వెళ్ళండి అమ్మా. నాన్నగారిని తీసుకుని, అక్షింతలు వేసి, భోజనం చేసి రండి. ఆ పిల్లకు ఈ గొడవతో ఏం సంబంధం? అక్కడ జీతం మాట ఎత్తకండి, ఆయన ఎత్తినా “ఆఫీసులో మాట్లాడదాం అంకుల్” అనండి. మెయిళ్ళు మాత్రం పెళ్ళికి కనీసం రెండు వారాల ముందే పంపండి. పెళ్ళయిన మర్నాడు పంపితే ‘పెళ్ళి ఖర్చు చూసి అడిగింది’ అంటారు, ఆ మాట మీ నాన్నగారి చెవిన కూడా పడుతుంది.